పీ0603 కోడు: ఈసీఎం మార్చే ముందు చూడాల్సినవి

మీ సమస్య మొదట రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి కదా. 2014 మోడల్ పెట్రోల్ కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాల కిందట బ్యాటరీ మార్పించారు. వారం తిరగకుండా చెక్ ఇంజన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0603 అనే తప్పు కోడు వచ్చింది. మెకానిక్ మూడుసార్లు చెరిపినా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వస్తోంది, అదీ ఎక్కువగా పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేశాక. బండి బాగానే లాగుతోంది గానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిలింగ్ కొంచెం ఊగుతోంది. కంప్యూటర్ మెమరీ పోయింది, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలి, 48 వేలవుతుంది అన్నారు. మార్చాలా అని మీరు అడుగుతున్నారు.

ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన లక్షణాల్లో ఈసీఎం లోపల చెడిందని చూపించేది ఒక్కటీ లేదు. అన్నీ దానికి కరెంటు సరిగా అందడం లేదనే చెబుతున్నాయి. 26 ఏళ్లుగా బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఈ కోడుతో మా షెడ్డుకు వచ్చిన బండ్లలో చాలావాటిని 10 నంబరు స్పానరు, ఎమరీ పేపరు, ఒక మల్టీమీటరుతోనే బాగుచేసి పంపాను. ఈసీఎం నిజంగానే పోయినవీ ఉన్నాయి, వాటి గురించీ రాస్తాను. అయితే అక్కడికి వెళ్లే ముందు దాటాల్సిన మెట్లున్నాయి.

ముందు కోడు ఏం చెబుతోందో చూద్దాం. పీ0601 నుంచి పీ0606 దాకా ఉన్నవన్నీ కంట్రోల్ మాడ్యూల్, అంటే ఈసీఎం, తన గురించి తాను చెప్పుకునే కోడులు. వీటన్నిటినీ కలిపేసి "మెమరీ ఎర్రర్" అని ఒకే మాట అనడంతోనే గందరగోళం మొదలవుతుంది. కంప్యూటర్లో మెమరీ ఒక్కటి కాదు. బండిని ఎలా నడపాలో రాసి ఉన్న ప్రోగ్రాం ఒకచోట ఉంటుంది, బ్యాటరీ తీసినా అది పోదు. దాంట్లో తేడా వస్తే పీ0601 లేదా పీ0605. లెక్కలు చేసుకునేటప్పుడు వాడుకునే ర్యామ్ ఇంకొకటి, దాని కోడు పీ0604. ప్రోగ్రాం సరిగా ఎక్కలేదనో, ఎక్కాక కోడింగ్ పూర్తికాలేదనో చెప్పేది పీ0602. ప్రాసెసర్‌కే జబ్బు చేస్తే పీ0606. మీకు వచ్చిన పీ0603 వీటన్నిటిలోకీ వేరు. అది చెప్పేది కీప్ అలైవ్ మెమరీ గురించి. బ్యాటరీ నుంచి ఎడతెగకుండా సన్నటి కరెంటు అందుతున్నంతసేపే బతికుండే మెమరీ అది. తాళం తీసి జేబులో వేసుకున్నా ఆ కరెంటు ఆగకూడదు.

ఆ మెమరీలో ఉండేది బండి తన అనుభవంతో నేర్చుకున్న విషయం. మీ ఇంజనుకు పెట్రోలు ఎంత ఎక్కువ తక్కువలు చెయ్యాలి, ఐడిలింగ్‌లో థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) ఎంత తెరవాలి, ఆటోమేటిక్ గేరుబాక్సయితే క్లచ్‌లు ఎంత అరిగాయి, ఇలాంటివి. పాత పనివాడు మానేసి కొత్తవాడు చేరితే ఏ తాళం ఏ గదిదో వెతుక్కున్నట్టు, ఈ మెమరీ చెరిగిపోయిన ప్రతిసారీ ఈసీఎం మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెడుతుంది. సిగ్నల్ దగ్గర ఐడిలింగ్ ఊగడానికి కారణం అదే అయ్యుంటుంది. అంటే రాత్రి మీ బండి నేర్చుకున్నదంతా మర్చిపోతోంది, పగలు మళ్లీ నేర్చుకుంటోంది.

చెరిగిపోయిందని దానికెలా తెలుస్తుందంటే, చాలా ఈసీఎంలు ఆ మెమరీలో ముందే తెలిసిన ఒక గుర్తు రాసి ఉంచుతాయి. తాళం తిప్పగానే ఆ గుర్తు అలాగే ఉందా అని చూసుకుంటాయి. లేకపోతే కోడు పెడతాయి. పీ0601కి వాడే చెక్‌సమ్ పద్ధతి కూడా ఇలాంటిదే. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ప్రతి పేజీ అడుగున మొత్తం వేసి పెడతారు కదా, ఎవరైనా మధ్యలో ఒక అంకె దిద్దితే మళ్లీ కూడినప్పుడు మొత్తం కలవదు. ప్రోగ్రాంలోని అంకెలన్నిటినీ ఈసీఎం అలా కూడి, రాసి ఉన్న మొత్తంతో పోల్చుకుంటుంది. రెంటికీ ఉన్న తేడా ఏమిటంటే, పీ0601లో పుస్తకమే పాడైంది. పీ0603లో పలక మీద రాసింది చెరిగింది, పలకకు ఏమీ కాకపోయి ఉండవచ్చు.

బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని కార్లలో పీ0603 ఒకసారి రావడం సహజం, ఎందుకంటే కరెంటు నిజంగానే ఆగింది. చెరిపేస్తే పోతుంది, మళ్లీ రాదు. మీకు మూడుసార్లు తిరిగొచ్చింది కాబట్టి ఆ ఖాతాలో వెయ్యలేం. బ్యాటరీ మార్చాక కూడా ఎక్కడో కరెంటు తెగుతోంది, లేదా పడిపోతోంది.

ఇకమీద ఒక పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి: చూసీ చూడగానే కోడు చెరపడం. చెరిపితే దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడు పడిన క్షణంలో వోల్టేజ్, ఆర్‌పీఎం, ఇంజన్ వేడి ఎంతున్నాయో కొన్ని బండ్లలో అందులోనే దొరుకుతుంది. మొత్తం మాడ్యూళ్లు (బండిలోని మిగతా చిన్న కంప్యూటర్లు కూడా) స్కాన్ చేయించి అన్నిటినీ ఫొటో తీసుకోండి. ఏబీఎస్‌లోనో స్టీరింగ్‌లోనో పీ0562 లాంటి లో వోల్టేజ్ కోడో, యూ అక్షరంతో మొదలయ్యే కమ్యూనికేషన్ కోడో పక్కనే ఉంటే, అది మీకు దొరికిన సాక్షి. ఈసీఎం ఒక్కటే చెడితే పక్కింటి మాడ్యూళ్లు లో వోల్టేజ్ అని గోల పెట్టవు.

ఇప్పుడు ఖర్చు లేని పరీక్ష ఒకటి. రాత్రి బండి ఆపే ముందు మ్యూజిక్ సిస్టమ్‌లోని గడియారం సరిచేయండి, ట్రిప్ మీటరు సున్నా చేసి కొంచెం నడిపి ఆపండి. పొద్దున కోడు వచ్చిన రోజున ఆ రెండూ చూడండి. గడియారం కూడా 12కో 1కో వెళ్లిపోయి, ట్రిప్ కూడా చెరిగితే కరెంటు తెగుతున్నది అందరికీ కలిసి వచ్చే దారిలో, అంటే బ్యాటరీ క్లాంపు (వైరును బ్యాటరీకి పట్టించే బిగింపు), మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ ఎర్త్ (మైనస్ వైరు బాడీకి కలిసే చోటు) దగ్గర. గడియారం చక్కగా నడుస్తూ కోడు మాత్రం వస్తే, తప్పు ఈసీఎంకు విడిగా వెళ్లే డైరెక్ట్ సప్లై (తాళం తీసినా ఆగని కరెంటు) ఫ్యూజులోనో, ఆ వైరులోనో, దాని ఎర్త్‌లోనో, చివరికి ఈసీఎంలోనో ఉంది. గడియారం సెల్ఫ్ కొట్టిన క్షణంలోనే రీసెట్ అవుతోందా, తాళం తిప్పక ముందే రీసెట్ అయి ఉందా అన్నది కూడా గమనించండి. మొదటిదయితే సెల్ఫ్ మోటారు లాగే లోడుకు వోల్టేజ్ కూలిపోతోంది, రెండోదయితే రాత్రిపూటే ఎక్కడో వదులు.

ఈ గడియారం చూడటం నాకు ఒక బండి నేర్పింది. ఒక మాస్టారి డీజిల్ కారు, మా దగ్గరికి వచ్చేసరికి మూడు షెడ్లు తిరిగింది. ఇదే కోడు. ఒకచోట సెకండ్ హ్యాండ్ ఈసీఎం పెట్టారు. దాంతో ఇమ్మొబిలైజర్ (తన తాళం కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కలవక రెండు తాళాలూ పనిచెయ్యలేదు. ఆ తాళాల పని అయ్యాక, పదిహేను రోజులకు మళ్లీ పీ0603. పిల్లల కాలేజీ ఫీజుకు పెట్టుకున్న డబ్బు ఇందులో పోసేశానని ఆయన చెబుతుంటే నాకు మాట రాలేదు. బండి ఎక్కి కూర్చుని చూస్తే గడియారం 12:04 చూపిస్తోంది, అప్పుడు సాయంత్రం ఐదవుతోంది. బానెట్ ఎత్తి ప్లస్ క్లాంపు మీద ఉండే ఫ్యూజు పెట్టెను వేలితో కదిపాను. లోపల ఒక నట్టు వదులు. చల్లబడినప్పుడు పట్టు తప్పుతోంది, వేడెక్కితే పట్టుకుంటోంది. బిగించడానికి ఒక నిమిషం పట్టింది. పాత ఈసీఎం కూడా బాగానే ఉందని తర్వాత పెట్టి చూశాం. ఆ రోజు నుంచి ఈసీఎం అన్న మాట ఎవరన్నా ముందు గడియారం ఎంత చూపిస్తోందని అడుగుతాను.

మీ బండి విషయంలో కొత్త బ్యాటరీ పెట్టాకే ఇదంతా మొదలైంది కాబట్టి మొదటి అనుమానం క్లాంపుల మీదే. మన దగ్గర చిన్న కార్ల బ్యాటరీలకు కొన్నిటికి పోల్స్ (క్లాంపు పట్టే సీసం మొనలు) సన్నగా, కొన్నిటికి లావుగా ఉంటాయి. పాత బ్యాటరీకి లావు పోల్ ఉండి కొత్తదానికి సన్నది వస్తే, క్లాంపు చివరికంటా బిగించినా పట్టదు. అప్పుడు కొందరు రేకు ముక్కో రాగి తీగో చుట్టి దోపుతారు. అలా చెయ్యకండి, నెల తిరిగేసరికి తెల్లటి పొడి కట్టి మళ్లీ వదులవుతుంది. సరైన సైజు స్లీవ్ దొరుకుతుంది, లేదా క్లాంపే మార్చాలి. చేత్తో పట్టుకుని గట్టిగా తిప్పి చూడండి, ఒక్క వెంట్రుకవాసి కదిలినా తప్పే. క్లాంపు లోపల వైరు ముడిచిన చోటు కూడా లాగి చూడాలి, పైకి బాగుండి లోపల పచ్చగా తుప్పు పట్టినవి చాలా చూశాను.

మీటరుతో పని ఇప్పుడు మొదలవుతుంది. ఆరేడు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు చాలు, కనిష్ఠాన్ని పట్టి ఉంచే మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే ఇంకా మంచిది. పొద్దున బండి తలుపు తియ్యకముందే బానెట్ తెరవగలిగితే తెరిచి, రెండు పోల్స్ మీద నేరుగా మీటరు ముళ్లు పెట్టండి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం పోల్ మీద. 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే మూడొంతులు, 12.2 అంటే సగం. 11.9కి వచ్చిందంటే ఖాళీ. కొత్త బ్యాటరీ అయినా కొట్లో నెలల తరబడి పడి ఉన్నదయితే తక్కువ చూపించవచ్చు, దాని మీద తయారీ తేదీ చూడండి.

తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. ఆ రెండు మూడు సెకన్లలో పోల్స్ మీద 9.6 కంటే కిందికి పోకూడదు. 10 పైన ఉంటే నిశ్చింత. 8కి, 7కి పడుతుంటే చాలా ఈసీఎంలు ఆ క్షణంలో రీసెట్ అవుతాయి, మెమరీ అక్కడే చెరగవచ్చు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఛార్జింగ్ ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, అది ఈసీఎంను నిజంగానే చంపగలదు. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి అదే చోట చూస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) డయోడ్ పోయి, ఆ గరగరంతా కంప్యూటర్‌లోకి వెళుతోందని అర్థం.

ఇవన్నీ బాగుంటే చాలామంది "సప్లై ఓకే" అనేసి ఈసీఎం మీద పడతారు. అసలు పని ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టి చదవండి.

ఇరవై పోగులున్న వైరులో పందొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12.5 చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి దానికి ఒక పోగు చాలు. ఈసీఎంకు చాలదు. కాబట్టి సప్లైని బరువు పెట్టి చూడాలి. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని రెండు వైర్లు అతికించండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నెగెటివ్ క్లాంపు తీసి, ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ కలిసి దానికి తగిలే ప్లగ్గు) ఊడదీసి, క్లాంపు మళ్లీ పెట్టండి. మీ బండి వైరింగ్ డయాగ్రామ్‌లో డైరెక్ట్ సప్లై పిన్ను ఏదో, ఎర్త్ పిన్నులు ఏవో చూసుకుని, కప్లర్‌లో ఆ రెంటి మధ్య బల్బు పెట్టండి. తాళం ఆఫ్‌లో ఉండగానే బల్బు నిండుగా వెలగాలి. వెలుగుతుండగా బ్యాటరీ ప్లస్ పోల్ నుంచి కప్లర్ సప్లై పిన్ను దాకా మీటరు పెడితే 0.2 వోల్టుకు మించి తేడా ఉండకూడదు. బ్యాటరీ మైనస్ పోల్ నుంచి ఎర్త్ పిన్ను దాకా 0.1కి మించకూడదు. ఎంత ఎక్కువ చూపిస్తే ఆ దారిలో అంత వోల్టేజ్ ఎక్కడో పోతోందన్నమాట. అప్పుడు ఫ్యూజుకు ముందు, ఫ్యూజుకు తర్వాత, జాయింటుకు ముందు, తర్వాత, అలా ఒక్కో మజిలీ చూసుకుంటూ పోతే చోటు దొరుకుతుంది. బల్బు వెలుగుతుండగా వైరింగ్‌ను చేత్తో కదుపుతూ వెళ్లండి. ఎక్కడ కదిపితే వెలుగు మినుకుమంటుందో తప్పు అక్కడే.

ఇది చేసేటప్పుడు మీటరు ముల్లును కప్లర్ రంధ్రంలోకి గుచ్చకండి. లోపలి ఆడ పిన్ను వెడల్పయి వదులయిపోతుంది. అప్పుడు లేని తప్పును మనమే పెట్టినవాళ్లమవుతాం. సన్నటి పిన్ను గానీ, అదే సైజు పాత టెర్మినల్ ముక్క గానీ వాడాలి. డయాగ్రామ్ లేకుండా ఊహ మీద పిన్నులు పట్టుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. ఈ పని చేతకాదనుకుంటే మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మీ ఊళ్లో గానీ, "వోల్టేజ్ డ్రాప్ లోడు పెట్టి చూస్తారా" అని అడగండి. చూస్తాం అన్నవాళ్ల దగ్గర బండి పెట్టండి.

కప్లర్ ముట్టకుండా సగం సంగతి తెలుసుకునే ఉపాయం కూడా ఉంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్4 (అప్పటి కాలుష్య నిబంధన) కార్లకు ఓబీడీ2 (బండి తన తప్పులు తాను చెప్పే ఏర్పాటు) తప్పనిసరి చేశారు కాబట్టి మీ స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో పెట్టి ఫోనుకు కలిపే ఈఎల్ఎం327 అడాప్టరు, ఫోనులో యాప్ పెట్టి లైవ్ డేటాలో "కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజ్" చూడండి. అది ఈసీఎం తనకు ఎంత అందుతోందో తానే చెప్పే లెక్క. అదే సమయంలో బ్యాటరీ పోల్స్ మీద మీటరు ఎంత చూపిస్తోందో చూడండి. హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ వేసి ఉంచండి. రెంటికీ అర వోల్టు పైన తేడా ఉంటే దారిలో నష్టం ఉంది. ఇక్కడ ఒక మోసం ఉంది: చాలా యాప్‌లు అడాప్టరు తాను సాకెట్ 16వ పిన్ను దగ్గర కొలిచిన వోల్టేజ్‌ను పెద్ద అక్షరాలతో చూపిస్తాయి. అది ఈసీఎంది కాదు. మాడ్యూల్ వోల్టేజ్ అని విడిగా ఉన్న పారామీటరే చూడాలి.

ఎర్త్ గురించి ఇంకో మాట. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక పట్టీ, ఇంజన్‌కు ఒక పట్టీ వెళతాయి. సెల్ఫ్ కొడుతుండగా మైనస్ పోల్ నుంచి ఇంజన్ బ్లాకు దాకా మీటరు పెడితే 0.3 వోల్టు లోపు ఉండాలి. ఎక్కువయితే బోల్టు విప్పి, పట్టీ రెండు వైపులా ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. విశాఖ, కాకినాడ, బందరు లాంటి చోట్ల తిరిగే బండ్లకు ఉప్పు గాలికి ఈ పట్టీలు తొందరగా పోతాయి. పైకి రంగు బాగుంటుంది, బోల్టు విప్పితే కింద ఎర్రటి పొడి.

సప్లై దారులన్నీ బాగుండి కూడా పొద్దున బ్యాటరీ 12 కిందికి వస్తుంటే, రాత్రంతా ఏదో కరెంటు తాగుతోంది. బండి నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అలా రోజంతా నిలబడ్డా 1.2 ఆంపియర్ అవర్ మాత్రమే ఖర్చవుతుంది. అర ఆంపియర్ లాగే పరికరం ఒకటుంటే పది గంటల్లో 5 ఆంపియర్ అవర్ పోతుంది. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి అది తక్కువ దెబ్బ కాదు. తాళం తీశాక 30, 40 నిమిషాలు ఆగి, వైరు విప్పకుండా చుట్టూ పట్టించే డీసీ క్లాంప్ మీటరు పెట్టి చూడాలి. బ్యాటరీ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టే పద్ధతిలో విప్పిన క్షణంలో ఈ కోడే మళ్లీ పడుతుంది, మీరు వెతుకుతున్న తప్పుతో కలిసిపోతుంది. బయట పెట్టించిన డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, ఆంప్లిఫయర్, ఎల్ఈడీ లైట్ల వైరింగ్ ఏవైనా ఉన్నాయా? ఈసీఎం ఫ్యూజు నుంచే కరెంటు తీసుకున్న ట్రాకర్లు నేను రెండు మూడు విప్పాను. దొంగతనం కాకుండా బ్యాటరీ కటాఫ్ స్విచ్ పెట్టించుకున్నా ఇదే కోడు వస్తుంది, ఎందుకంటే రోజూ రాత్రి మీరే కరెంటు తీసేస్తున్నారు. పైగా కొన్ని బండ్లలో తాళం తీశాక మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు కలిపే స్విచ్) కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఆలోపు ఈసీఎం నేర్చుకున్నది రాసుకుంటుంది. రిలే ముందే వదిలేసినా, స్విచ్ వెంటనే కట్టేసినా ఆ రాత సగంలో ఆగిపోతుంది.

నీళ్లు, ఎలుకలు. ఈ రెంటికీ మన ఊళ్లలో కొదవ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు మునిగినప్పుడు, అప్పటికప్పుడు ఆరబెట్టి స్టార్టయినవి కూడా రెండు మూడు నెలల తర్వాత ఇలాంటి కోడులతో వచ్చాయి. నీరు ఆరిపోతుంది, బురదలోని ఉప్పు పిన్నుల మీద ఉండిపోయి మెల్లగా తినేస్తుంది. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా, ఆ బండి ఎప్పుడన్నా మునిగిందా అన్నది రాయలేదు, రాయండి. కప్లర్ విప్పినప్పుడు పిన్ను మొదట్లో పచ్చదనం గానీ తెలుపు గానీ కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షుతో కడిగి, బాగా ఆరాకే పెట్టాలి. ఇంజన్‌ను ప్రెషర్ గన్‌తో కడిగించే అలవాటుంటే మానేయండి. ఎలుక కొరికిన వైరు మాత్రం టేపు చుట్టి వదలకూడదు, సోల్డర్ చేసి ష్రింక్ ట్యూబ్ వెయ్యాలి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, కొరికిన ఒక్క వైరు కోసం మొత్తం వైరింగ్ మార్చమనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోకండి.

ఇంతా చేసి, లోడు మీద సప్లై బాగుండి, ఎర్త్ బాగుండి, రాత్రంతా వోల్టేజ్ నిలబడి, అయినా పీ0603 వస్తుంటే అప్పుడు ఈసీఎంను అనుమానించడం న్యాయం. మొదటి నుంచే పీ0601, పీ0604, పీ0605 వచ్చినవాళ్లు కూడా సప్లై పరీక్షలు చేసి నేరుగా ఇక్కడికి రావచ్చు. వాళ్లకు ముందు ఒక ప్రశ్న: బండికి రీమ్యాప్ (ఈసీఎం ప్రోగ్రాం మార్పించడం) చేయించారా? పికప్ కోసం డీజిల్ బండ్లకు చేయిస్తున్నారు. ఫైలు మార్చి చెక్‌సమ్ సరిచెయ్యకుండా ఎక్కిస్తే ఖాతా పుస్తకం మొత్తం కలవక అవే కోడులు వస్తాయి. కంపెనీ ఒరిజినల్ ఫైలు మళ్లీ ఎక్కిస్తే చాలావరకు సరిపోతుంది. మీరు చేయించకపోయినా పాత యజమాని చేయించి ఉండవచ్చు.

రీప్రోగ్రామింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి స్థిరంగా 13.5 వోల్టుల దగ్గర ఇచ్చే సపోర్ట్ ఛార్జర్ తప్పనిసరి. మధ్యలో వోల్టేజ్ పడితే సగం రాసిన ప్రోగ్రాంతో ఈసీఎం అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కారు నిజంగానే కదలదు. ఛార్జర్ లేకుండా ల్యాప్‌టాప్ పట్టుకొచ్చినవాళ్లను బండి దగ్గరికి రానివ్వకండి.

ఈసీఎం విప్పి బాగుచేసేవాళ్లు ఇప్పుడు పెద్ద ఊళ్లన్నిటిలో ఉన్నారు. పాత బండ్లలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారి బోర్డును తినేయడం, డ్రై సోల్డర్ (అతుకు పట్టు వదలడం) రావడం ఎక్కువ. అవి బాగవుతాయి. ప్రాసెసర్ లోపలి మెమరీ పోతే బోర్డు మార్చక తప్పదు. ఎవరికిచ్చినా ముందు ఒక షరతు పెట్టండి: ఏదీ ముట్టకముందు ఫ్లాష్, ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని రెండు మెమరీలు) రెండూ చదివి ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ఇమ్మొబిలైజర్ సమాచారం, ఛాసిస్ నంబరు చాలా బండ్లలో ఆ ఈఈప్రామ్‌లోనే ఉంటాయి. అవి ఉంటే అదే పార్ట్ నంబరున్న ఇంకో ఈసీఎంలోకి ఎక్కించి మీ తాళాలతోనే బండి తియ్యవచ్చు. లేకపోతే తాళాల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మీద రాసిన పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. చూడటానికి ఒకేలా ఉండే పెట్టెల్లో ఆ ఒక్క అక్షరం తేడాతో ప్రోగ్రాం వేరయిపోతుంది.

బండి నడపవచ్చా అని మీరు అడగలేదు గానీ చెప్పాలి. మీ పీ0603తో ఊళ్లో తిరగడానికి ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ వదులు ఎక్కడుందో తెలియనంతవరకు హైవే ఎక్కవద్దు, రాత్రి అసలే వద్దు. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే తెగుతున్న కరెంటు నడుస్తున్నప్పుడు కూడా తెగితే ఇంజన్ ఆగిపోతుంది, స్టీరింగ్ తిప్పడం బరువవుతుంది. పీ0604, పీ0606 వచ్చినవాళ్లు మాత్రం బండిని టో చేయించండి. ఇప్పటి బండ్లలో థ్రాటిల్ కూడా ఆ కంప్యూటర్ చేతిలోనే ఉంటుంది.

తప్పు దొరికి బాగయ్యాక కోడు చెరిపి, ఏసీ, లైట్లు ఆఫ్ చేసి ఇంజన్ వేడెక్కేదాకా ఐడిలింగ్‌లో వదలండి. తర్వాత కాసేపు ఏసీ వేసి ఉంచండి. మీ బండికి థ్రాటిల్ రీలెర్న్ (థ్రాటిల్ లెక్క మళ్లీ నేర్పడం) విధానం విడిగా ఉంటే స్కానర్‌తో చేయించండి. వంద కిలోమీటర్లు రకరకాల వేగాల్లో తిరిగితే పెట్రోలు లెక్కలు మళ్లీ కుదురుకుంటాయి, ఐడిలింగ్ ఊగడం తగ్గుతుంది. మీకు కోడు ఒకటి రెండు రోజుల్లో వచ్చేది కాబట్టి కనీసం వారం రాకపోతేనే బాగయిందని అనుకోండి. మొదటి రోజు రాలేదని డబ్బులిచ్చేసి రావద్దు.

ఈ రాత్రికి మీరు చెయ్యాల్సింది రెండే: క్లాంపులు చేత్తో తిప్పి చూడటం, గడియారం సరిచేసి పెట్టడం. రేపు పొద్దున బ్యాటరీ వోల్టేజ్ ఎంతుందో, సెల్ఫ్ కొడుతుండగా ఎంతకు పడిందో, గడియారం ఎంత చూపించిందో ఇక్కడ రాయండి. కారు మోడల్, ఇంజన్ రకం కూడా చెబితే డైరెక్ట్ సప్లై ఏ పిన్నుకు వస్తుందో, ఏ ఫ్యూజు నుంచి వస్తుందో డయాగ్రామ్ చూసి చెబుతాను.